పెన్‌డ్రైవ్‌లో కంప్యూటర్: జకాత్ సొమ్ముతో చేయదగిన ఒక పని

(కోటలో జరిగిన వార్షిక సర్వసభ్య సమావేశంలో కంప్యూటర్ శిక్షణ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





మా ఉపసంఘానికి ఇచ్చింది ఇరవై నిమిషాలు. జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు కాబట్టి ఆ జోలికి మేము పోము. ఒక్క వస్తువు గురించే మాట్లాడతాం. అది ఇదిగో, మా చేతిలో ఉంది. వెనక వరుసలో వాళ్లకు కనపడకపోవచ్చు, బొటనవేలంత ఉంది. పెన్‌డ్రైవ్. పెళ్లి వీడియోలు వేసుకునేది, కారులో నాతులు, ఖవ్వాలీలు వినేది, అదే. ఇందులో ఒక పూర్తి కంప్యూటర్ వ్యవస్థను పెట్టి పిల్లల చేతికి ఇవ్వాలని మా ప్రతిపాదన. దానికి జకాత్ సొమ్ము వాడవచ్చా, ఎంతవరకు వాడవచ్చు అన్నది కూడా ఈరోజే తేలాలి.

మీ ముందు రెండు దారులున్నాయి. ఉన్న పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి కొనడం ఒకటి. పాతవాటిని బాగుచేయించి, ప్రతి విద్యార్థికీ తనదే అయిన పెన్‌డ్రైవ్ ఇవ్వడం రెండోది. మేము రెండోదాని పక్షాన ఉన్నాం. ఎందుకో చెప్తాం. దాని లోపాలు కూడా చెప్తాం, దాచం.

అసలు ఈ ఆలోచన ఎక్కడ మొదలయిందంటే, ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న దగ్గర. స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపడానికి వాళ్ల నాన్నతో ఒక నెట్ సెంటర్‌కు వెళ్లింది. ఏ సెంటరో మనకు అనవసరం, ఎక్కడైనా జరిగేదే. ఆధార్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ స్కాన్ చేయించారు. వారం తర్వాత ఏదో సవరణ ఉందని మళ్లీ వెళ్తే అవన్నీ ఆ కంప్యూటర్‌లో ఎక్కడ పెట్టారో అక్కడే ఉన్నాయి. ఆమెవే కాదు, ఊళ్లో ఇంకా ఎంతమందివో. కూర్చున్నవాళ్లు ఎవరైనా తెరిచి చూడవచ్చు, ఫోన్‌లోకి ఎక్కించుకుపోవచ్చు. సెంటర్ నడిపే కుర్రాడికి చెడ్డ బుద్ధేం లేదు, రోజుకు అంతమంది వస్తుంటే తుడిచే తీరిక లేదు, అంతే. ఆ అమ్మాయి మమ్మల్ని అడిగింది: "నా కాగితాలు నా దగ్గరే ఉండి, వాళ్ల మెషీన్ మీద పని మాత్రం చేసుకునే దారి లేదా అంకుల్?"

ఉంది. ఉండబట్టి పాతికేళ్లు కావస్తోంది.

కంప్యూటర్ బటన్ నొక్కగానే ముందు మేలుకునేది విండోస్ కాదు. లోపల మదర్‌బోర్డు మీద ఒక చిన్న ప్రోగ్రాం అచ్చువేసి ఉంటుంది. పాత యంత్రాల్లో దాన్ని బయోస్ అంటారు, కొత్తవాటిలో యూఈఎఫ్‌ఐ. ఇది కీబోర్డు ఉందా, మెమరీ ఉందా అని చూసుకుని, అసలు వ్యవస్థ ఎక్కడుందో వెతుకుతుంది. మామూలుగా హార్డ్‌డిస్కులో దొరుకుతుంది, అక్కడినుంచి విండోస్‌ను లేపుతుంది. కానీ ఆ మొదటి రెండు మూడు సెకన్లలో మనం ఒక మీట నొక్కి "అక్కడ కాదు, ఈ పెన్‌డ్రైవ్‌లో చూడు" అని చెప్పవచ్చు. డెల్, లెనోవో, ఏసర్ యంత్రాల్లో చాలావాటికి ఎఫ్12. హెచ్‌పీలో ఎఫ్9 లేదా ఎస్కేప్. అప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్న వ్యవస్థ కంప్యూటర్ మెమరీలోకి ఎక్కి నడుస్తుంది. హార్డ్‌డిస్కు జోలికి పోదు. పని అయ్యాక కంప్యూటర్ ఆపి, పెన్‌డ్రైవ్ తీసేస్తే ఆ యంత్రంలో మళ్లీ ఎప్పటి విండోసే. మనం కావాలని ఆ హార్డ్‌డిస్కు తెరిచి దాచుకుంటే తప్ప, మన ఫైళ్లేవీ అందులో మిగలవు.

ఇంకొక సంగతి. హార్డ్‌డిస్కు చచ్చిపోయిన కంప్యూటర్ కూడా ఇలా నడుస్తుంది. మన గదిలో గోడ పక్కన ఉన్న రెండు యంత్రాలకు ఇప్పుడు డిస్కే లేదు, తీసేశాం. మా దగ్గరికి వచ్చినవాళ్లు నమ్మక మూత తీయించి మరీ చూశారు. మన తీరంలో ఉప్పుగాలికి ముందు పోయేది ఇలాంటివే. మెమరీ చిప్పుల అంచులు నల్లబడి కంప్యూటర్ మొదలవకపోతే పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టడం మన కుర్రాళ్లకు అలవాటైన వైద్యం. హార్డ్‌డిస్కుకు మాత్రం అలాంటి వైద్యం లేదు.

ఇందులో పెట్టే వ్యవస్థ పేరు లైనక్స్. 1991లో ఫిన్లండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దాని కెర్నెల్, అంటే మూలభాగం, రాశాడు. అంతకు ముందే 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు సాధనాలు దానికి తోడయ్యాయి. హార్డ్‌డిస్కులో ఏమీ ఎక్కించకుండా సీడీ నుంచే నేరుగా నడిపే పద్ధతికి బాగా పేరు తెచ్చింది 2000లో జర్మనీలో క్లాస్ నాపర్ చేసిన నాపిక్స్. తర్వాత ఉబుంటు వచ్చింది. ఇక్కడున్న ముప్పై అయిదు దాటిన ఇంజనీర్లకు గుర్తుండే ఉంటుంది, 2005 నుంచి 2011 దాకా ఉబుంటు వాళ్లు అడిగినవాళ్లందరికీ ప్రపంచమంతా పోస్టులో ఉచితంగా సీడీలు పంపేవారు. హాస్టల్ గదుల్లో ఆ సీడీలు గడియారాలకు కూడా వాడిన మహానుభావులు ఉన్నారు. సీడీల కాలం పోయి ఆ స్థానంలోకి పెన్‌డ్రైవ్ వచ్చింది. సీడీ మీద ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, మనం ఏదీ రాయలేం. పెన్‌డ్రైవ్ మీద రాయవచ్చు. అసలు తేడా అంతా అక్కడే.

ఆ రాసే పద్ధతి ఎలా ఉంటుందంటే, అచ్చయిన పుస్తకం మీద పారదర్శకమైన కాగితం పరిచి రాసుకున్నట్టు. కింద వ్యవస్థ కుదించి కట్టిన మూటగా, మార్చడానికి వీలు లేకుండా ఉంటుంది. పిల్లవాడు దాచుకున్న ఫైళ్లు, మార్చుకున్న అమరికలు, కొత్తగా వేసుకున్న ప్రోగ్రాములు పైనున్న కాగితం మీదికి పోతాయి. తెర మీద చూసేవాడికి రెండూ కలిసి ఒకటిగా కనిపిస్తాయి. ఏదన్నా పాడైతే పై కాగితం తీసేసి కొత్తది పరిస్తే చాలు, కింది పుస్తకం చెక్కుచెదరదు. పిల్లలకు నేర్పేచోట ఇది ఎంత సుఖమో మాకు తెలుసు. పదమూడేళ్ల కుర్రాడు కుతూహలం కొద్దీ అన్నీ కెలికి చెరిపేసినా ఫరవాలేదు. కెలకనివ్వాలి కూడా, కెలక్కుండా ఎవరు నేర్చుకున్నారు?

ఇదేదో పరాయి దేశాల సరుకు, మనకెందుకు అనుకునేవారికి రెండు మూడు సంగతులు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ ఉంది. 2005లోనే తెలుగులో కనిపించే లైనక్స్ వ్యవస్థను విడుదల చేసింది. మెనూలన్నీ తెలుగులో. ఇంజనీరింగ్ విద్యార్థులు, స్వచ్ఛంద కార్యకర్తలు కూర్చుని ఒక్కొక్క మాటా తెలుగు చేశారు. బడిపిల్లల కోసం బాలస్వేచ్ఛ అని వేరే చేశారు. మన పక్కనున్న చెన్నైలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ బాస్ అనే వ్యవస్థను తయారుచేసి 2007 జనవరిలో విడుదల చేసింది. భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్ అన్నది దాని పూర్తి పేరు. తెలుగు సహా మన భాషల్లో పనిచేసేలా చేశారు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఏళ్ల తరబడి లైనక్స్ మీదే చదువుకుంటున్నారు, పరీక్షలు కూడా రాస్తున్నారు.

మన సమావేశంలో చెప్పదగిన మాట ఇంకొకటి ఉంది. 2007లో ఉబుంటు ముస్లిం ఎడిషన్ అని ఒకటి వచ్చింది. తర్వాత దానికి సబీలీ అని పేరు మార్చారు. ఖుర్ఆన్ చదువుకునే జిక్ర్ అనే ప్రోగ్రాం, నమాజు వేళలు చెప్పే ప్రోగ్రాం, పిల్లలు చూడకూడని వెబ్‌సైట్లకు అడ్డుకట్ట వేసే సాధనం అన్నీ అందులో ముందే అమర్చి ఇచ్చేవారు. కొన్నేళ్లకు అది ఆగిపోయింది, ఇప్పుడు వాడవద్దు, పాతబడింది. కానీ ఎక్కడెక్కడి ముస్లిం యువకులో జీతం బత్తెం లేకుండా చేసిన పని అది. ఉన్న వ్యవస్థను తీసుకుని తమ అవసరానికి మలుచుకున్నారు. లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది కాబట్టి సాధ్యమైంది.

లైసెన్సు మాట వచ్చింది కాబట్టి నిక్కచ్చిగా మాట్లాడుకుందాం. మన చిన్న ఊళ్లలో కంప్యూటర్ కొంటే విండోస్, ఆఫీస్, ఫొటోషాప్, పేజ్‌మేకర్ అన్నీ దొంగ కాపీలు వేసి ఇస్తారు. అందరూ వాడుతున్నారు కదా అంటాం. సొంతానికి వాడుకునేవాడి సంగతి వాడు, అల్లాహ్ చూసుకుంటారు. కానీ సొసైటీ గదిలో, మీరు అమానతుగా ఇచ్చిన సొమ్ముతో కొన్న యంత్రంలో, దొంగ కాపీ పెట్టి పిల్లలకు పాఠం చెప్పడం ఎలా? 1988 డిసెంబర్‌లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ రచన, ఆవిష్కరణ వంటి హక్కులు షరీఅత్ రక్షణ గల హక్కులేనని, వాటిని అతిక్రమించరాదని తీర్మానించింది. లైనక్స్‌లో ఈ బెడద లేదు. దాని లైసెన్సే కాపీ చేసుకోమంటుంది, పంచమంటుంది, కావాలంటే మార్చుకోమంటుంది. ఒక పెన్‌డ్రైవ్ నుంచి వంద పెన్‌డ్రైవ్‌లు చేసి పంచినా ఎవరి హక్కూ పోదు. ఉచితంగా దొరుకుతుంది కాబట్టి తీసుకున్నారని కొందరు అంటున్నారు. ఉచితం అనేది మాకు రెండో సంగతి.

ఇప్పుడు జకాత్. దీని గురించి మేము ఇమామ్ సాహెబ్ గారి దగ్గర రెండు సాయంత్రాలు కూర్చున్నాం. తప్పు చెప్తే వారే ఇక్కడ దిద్దుతారు. జకాత్ ఎవరికి చెల్లుతుందో తౌబా సూరా 60వ వాక్యంలో ఎనిమిది వర్గాలు ఉన్నాయి. మనలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మస్లక్‌లో జకాత్ చెల్లాలంటే తమ్లీక్ ఉండాలి. అర్హుడైన పేదవాణ్ని ఆ సొమ్ముకు గానీ వస్తువుకు గానీ పూర్తి యజమానిని చేయాలి. మస్జిద్ గోడ కట్టడానికి, బావి తవ్వడానికి జకాత్ వాడకూడదనేది అందుకే. అలాగే మన కంప్యూటర్ గదికి బల్లలు, కుర్చీలు, యంత్రాలు కొనడానికి కూడా కుదరదు. అవి సొసైటీవి అవుతాయి తప్ప ఏ పేదవాడివీ కావు. ఇన్నేళ్లూ రంజాన్‌లో వచ్చే జకాత్ డబ్బంతా ఫీజులకు, రేషన్‌కు, వైద్యానికి పోతూ ఉంటే, కంప్యూటర్ గది మాత్రం లిల్లాహ్ డబ్బులో మిగిలిన చిల్లర మీద నడుస్తూ వచ్చింది. కారణం ఇదే.

పెన్‌డ్రైవ్ వేరే సంగతి. అది పిల్ల చేతిలో పెట్టి "ఇది నీదమ్మా" అంటే ఆమెదైపోతుంది. ఇంటికి తీసుకుపోతుంది. దాచుకుంటుంది, కావాలంటే తమ్ముడికి ఇస్తుంది, పోగొట్టుకుంటే పోగొట్టుకుంటుంది. తమ్లీక్ పూర్తయింది. అయితే దీంతోపాటే కొన్ని కట్టుబాట్లు వస్తాయి, వాటికి మీరు సిద్ధపడాలి. మొదటిది, శిక్షణ అయిపోయాక వెనక్కి తీసుకోవడం ఉండదు. "మానేసింది కదా, తిరిగి ఇమ్మనండి" అని కమిటీలో ఎవరూ అనకూడదు. రెండోది, అర్హత చూడాలి. చిన్నపిల్లలైతే తండ్రి స్తోమత చూస్తారు. నిసాబ్ ఉన్న ఇంటి పిల్లకు జకాత్ పెన్‌డ్రైవ్ చెల్లదు. వాళ్లు కొనుక్కుంటే మేము వ్యవస్థ ఎక్కించి ఇస్తాం. సయ్యద్ కుటుంబాల పిల్లలకు జకాత్ ఇవ్వకూడదు, వాళ్లలో లేనివాళ్లకు లిల్లాహ్ నిధి నుంచి ఇవ్వాలి. మన గదికి యానాది పిల్లలు, ఎస్సీ కాలనీ పిల్లలు కూడా వస్తారు, వాళ్లను రావద్దని ఏ రోజూ అనలేదు, అనం. వాళ్లకిచ్చేవి సదఖా నుంచి. తరగతిలో మాత్రం ఎవరిది ఏ నిధి పెన్‌డ్రైవో తెలియకూడదు. అన్నీ ఒకే రంగువి కొంటాం, లెక్క రిజిస్టరులోనే ఉంటుంది. షాఫయీ మస్లక్ పాటించే కుటుంబాలు మనలో ఉన్నాయి, వారు తమ జకాత్ సంగతి తమ ఆలిమ్‌ను అడిగి ఇవ్వవలసిందిగా మనవి.

కొత్త కంప్యూటర్లే కొనవచ్చు కదా అని చెన్నై నుంచి వచ్చిన ఒక పెద్దాయన నిన్న రాత్రి భోజనాల దగ్గర అడిగారు. కొనవచ్చు. ఒక కొత్త డెస్క్‌టాప్ ఖరీదుకు ఎన్ని పెన్‌డ్రైవ్‌లు వస్తాయో మీరే లెక్క వేసుకోండి. బజారులో మంచి కంపెనీది 32 జీబీ పెన్‌డ్రైవ్ కొన్ని వందల్లో ఉంది, కంప్యూటర్ పదివేల్లో ఉంది. అసలు సంగతి ఖరీదు కూడా కాదు. ఇప్పుడు పాత కంప్యూటర్లు ఊరికే దొరికే కాలం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా సవరణలు ఆపేసింది. విండోస్ 11 ఎక్కాలంటే యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసర్ కూడా వాళ్ల జాబితాలో ఉండాలి. 2018 ముందు కొన్న కంప్యూటర్లలో చాలామటుకు ఆ జాబితాలో లేవు. ఆఫీసులు వాటిని తీసి పడేస్తున్నాయి. చెన్నై రిచీ స్ట్రీట్ వెళ్లి చూడండి, దొంతరలు పెట్టి ఉంటాయి. నాలుగు జీబీ మెమరీ, 64 బిట్ ప్రాసెసర్ ఉంటే చాలు, లైనక్స్ మింట్‌లాంటి వ్యవస్థ హాయిగా నడుస్తుంది. అంతకంటే పాతవైతే పప్పీ లైనక్స్‌లాంటి చిన్నవి ఉన్నాయి. కాబట్టి దాతల్లో ఎవరి ఆఫీసులోనైనా ఇలాంటి యంత్రాలు తీసేస్తుంటే, పాత ఇనుము వాడికి వేసే ముందు మాకొక మాట చెప్పండి. హార్డ్‌డిస్కు తీసేసుకుని ఇచ్చినా సరే. ఆఫీసు రహస్యాలేమన్నా ఉంటాయన్న భయం మీకూ ఉండదు, మాకూ ఆ డిస్కుతో పని లేదు.

మైక్రోసాఫ్ట్ కూడా ఇలాంటిది ఒకటి చేసింది, విండోస్ టు గో అని. 2012లో విండోస్ 8తో వచ్చింది, పెద్ద కంపెనీలకు అమ్మే ఎంటర్‌ప్రైజ్ రకంలో. 2020లో తీసేశారు. కాబట్టి విండోస్‌నే పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇవ్వమని అడిగేవారికి మా జవాబు, ఆ దారి తయారుచేసినవాళ్లే మూసేశారని.

తయారీ ఎలాగో క్లుప్తంగా. ఇంటర్నెట్ నుంచి ఐఎస్‌ఓ అనే ఫైలు దించుకోవాలి. రెండు మూడు జీబీలు ఉంటుంది, ఒకసారి దించుకుంటే చాలు. దాన్ని పెన్‌డ్రైవ్ మీద పాటలు వేసినట్టు కాపీ చేస్తే నడవదు. రూఫస్, ఎచర్, వెంటాయ్ వంటి ప్రోగ్రాములతో ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో అంతకు ముందున్నవన్నీ చెరిగిపోతాయి. పెళ్లి ఫొటోలున్న పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చి "ఇందులోనే వేయండి" అనేవాళ్లకు మేము ముందు ఫొటోలు వేరేచోట దాచుకోమని చెప్పి పంపేస్తున్నాం. మన మండలంలోనే విద్యానగర్‌లో 1979 నుంచి ఇంజనీరింగ్ కళాశాల ఉంది. ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఇది ఒక పూట పని. వాళ్లలో మనవాళ్లు ఆదివారాలు వచ్చి కూర్చుంటే ఇంకెవర్నీ పిలవక్కర్లేదు.

కొనేటప్పుడు మోసపోవద్దు. రెండు వందలకు రెండు టీబీ పెన్‌డ్రైవ్ అని ఆన్‌లైన్‌లో అమ్ముతారు. లోపల ఉండేది ఎనిమిదో పదహారో జీబీల చిప్పు. అది తన కొలత తప్పుగా చెప్పేలా మార్చి అమ్ముతారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, నిండేకొద్దీ కొత్తగా రాసినవి పాతవాటి మీద పడి అంతా పాడవుతుంది. ఎఫ్3 అనే చిన్న ఉచిత ప్రోగ్రాంతో ప్రతి పెన్‌డ్రైవ్‌నూ నిండా రాసి, తిరిగి చదివి చూస్తాం. అలా చూడకుండా ఒక్కటీ పిల్లలకు ఇవ్వం. దాతలు గల్ఫ్ నుంచి బహుమతిగా పంపేవాటికి కూడా ఇదే నియమం, దయచేసి నొచ్చుకోవద్దు. నీలిరంగు నాలుక ఉన్నవి, అంటే యూఎస్‌బీ 3.0 రకం పంపితే మంచిది. పాతరకంతో పోలిస్తే వేగం బాగా ఎక్కువ. మన గదిలో పాత యంత్రాలకు ఆ వేగం అందదు గానీ, రేపు పిల్ల కాలేజీలో కొత్త కంప్యూటర్‌కు పెట్టుకుంటే తేడా తెలుస్తుంది.

ఇక దీనితో కానివి. ఇవి వినకుండా మీరు చెయ్యెత్తవద్దు.

మన ఊళ్ల డీటీపీ షాపుల్లో తెలుగు పని అంతా అను ఫాంట్ల మీద, ఉర్దూ పని అంతా ఇన్‌పేజ్ మీద నడుస్తోంది. ఇవి విండోస్ ప్రోగ్రాములు. లైనక్స్ మీద యూనికోడ్ తెలుగు చక్కగా వస్తుంది, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ముందే ఉంటుంది, నోటో నస్తాలీఖ్ వేసుకుంటే ఉర్దూ కూడా అందంగా కనిపిస్తుంది. కానీ షాపులో ఉద్యోగానికి వెళ్లిన కుర్రాణ్ని యజమాని అను వచ్చా అని అడుగుతాడు. ట్యాలీ కూడా అంతే, రొయ్యల మేత దుకాణం నుంచి బియ్యం మిల్లు దాకా లెక్కలు దాంట్లోనే. ఏపీపీఎస్సీ కంప్యూటర్ ప్రొఫిషియెన్సీ టెస్టుకు వెళ్లేవాళ్లకు వర్డ్, ఎక్సెల్ చేయి తిరిగి ఉండాలి. లిబ్రెఆఫీస్ మీద నేర్చుకున్న పిల్లకు ఎక్సెల్ అర్థం కావడం కష్టం కాదు, కానీ పరీక్ష గదిలో బటన్ ఎక్కడుందో వెతుక్కునే తీరిక ఉండదు. అందుకని గదిలో రెండు కంప్యూటర్లు డబ్బు కట్టి కొన్న విండోస్‌తో ఉంచాలన్నది మా సిఫారసు. ఉద్యోగానికి దగ్గరపడ్డవాళ్లు వాటి మీద కూర్చుంటారు. వాటి ఖర్చు లిల్లాహ్ నుంచే.

పెన్‌డ్రైవ్ నిదానం. చిన్నచిన్న ఫైళ్లు ఎన్నో ఒకేసారి రాసేటప్పుడు ఆగి ఆగి పనిచేస్తుంది, బ్రౌజర్ తెరవగానే పిల్లలు విసుక్కుంటారు. పైగా ఫ్లాష్ చిప్పు మీద ఇన్నిసార్లే రాయగలం అనే హద్దు ఉంది. రోజూ వాడితే కొన్నేళ్లకు అరిగిపోతుంది. ఈ రకంగా తయారుచేసిన పెన్‌డ్రైవ్‌లో మొత్తం వ్యవస్థను అప్‌డేట్ చేయబోతే పైనున్న ఆ కాగితం నిండిపోతుంది తప్ప కెర్నెల్ కొత్తది రాదు. అందువల్ల ఏడాదికి ఒకసారి తెచ్చి ఇస్తే కొత్త వ్యవస్థ ఎక్కించి, పిల్లల ఫైళ్లు మళ్లీ పెట్టి ఇస్తాం. ఫైళ్లకు ఇంకొక నకలు ఎక్కడైనా ఉండి తీరాలి.

కరెంటు. మన దగ్గర నవంబర్, డిసెంబర్ వచ్చిందంటే వానలు, గాలి, తీగలు తెగడం. 2021 నవంబర్ వానలు మీరెవరూ మరిచిపోయి ఉండరు, స్వర్ణముఖి ఎలా పారిందో చూశారు. కరెంటు ఠక్కున పోతే కింది వ్యవస్థకు ఏమీ కాదు, దాని మీద ఎవరూ రాయడం లేదు కాబట్టి. అప్పుడే దాస్తున్న ఫైలు మాత్రం పోవచ్చు. గదికి ఒక యూపీఎస్ అవసరం, ఇది గత ఏడాది కూడా అడిగాం.

పోగొట్టుకుంటే? ఇది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. నెట్ సెంటర్‌లో ఆధార్ వదిలిరాకూడదని మొదలుపెట్టి, ఆ ఆధార్‌నే బస్సులో జారవిడుచుకుంటే ఏం లాభం? ఇలాంటి పెన్‌డ్రైవ్ ఎవరికి దొరికితే వాళ్లు తెరవగలరు, మామూలుగా పాస్‌వర్డ్ అడగదు. కాబట్టి తరగతిలో మొదటి పాఠమే ముఖ్యమైన కాగితాలను తాళం వేసిన పెట్టెలో పెట్టడం. వెరాక్రిప్ట్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. పాస్‌వర్డ్ లేకుండా ఆ పెట్టె ఎవరికీ తెరుచుకోదు, మరిచిపోతే మాకూ తెరుచుకోదు. ఇది పిల్లలకు గట్టిగా చెప్తున్నాం. ఆడపిల్లల పాస్‌వర్డ్ వాళ్లకే తెలియాలా, ఇంట్లోవాళ్లకూ తెలియాలా అని ఒక తండ్రి అడిగారు. అది ఆ ఇంటి సంగతి. సొసైటీలో మాత్రం ఎవరి దగ్గరా ఉండదు, ఎక్కడా రాసిపెట్టం.

నెట్ సెంటర్ మెషీన్‌లో ఇది పెట్టుకున్నా అన్ని భయాలూ పోవు. కీబోర్డు తీగ మధ్యలో నొక్కిన అక్షరాలను దొంగిలించే పరికరం తగిలించి ఉంటే పెన్‌డ్రైవ్ ఏమీ చేయలేదు. అలాగే సెంటర్ యజమాని ఒప్పుకోవాలి. తన యంత్రంలో బయటి పెన్‌డ్రైవ్ పెట్టనివ్వననడం ఆయన హక్కు. ముందు అడగాలి, సలాం చెప్పి, చేసేదేమిటో వివరించి. ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకరు ఒప్పుకోలేదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌ల మీద, బ్యాంకు పనికి వాడే వాటి మీద అసలు ప్రయత్నించవద్దు. కొత్త ల్యాప్‌టాప్‌లలో హార్డ్‌డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటుంది. లోపలి అమరికలు మారిస్తే తర్వాత విండోస్ తెరవడానికి పొడుగాటి రికవరీ సంఖ్య అడుగుతుంది. అది దగ్గర లేకపోతే ఇంట్లో గొడవే. బావగారి ల్యాప్‌టాప్ మీద మొదటి ప్రయోగం చేయవద్దని పిల్లలకు చెప్పింది అందుకే.

ఇంతకీ ఆ ఇంటర్ అమ్మాయి. నమూనాగా చేసిన మొదటి పెన్‌డ్రైవ్‌లలో ఒకటి ఆమెకే ఇచ్చాం. జ్ఞానభూమి పనులు, కాలేజీ ప్రాజెక్టు అన్నీ దాంట్లోనే చేసుకుంటోంది. ఒప్పుకున్న సెంటర్‌లో కూర్చుని పని చేసి, ప్రింటు మాత్రం అక్కడ తీసుకుని వస్తోంది. వాళ్ల అమ్మ దాన్ని నల్లదారానికి కట్టి మెడలో వేసుకోమంది. తాయెత్తు కాదని ఇమామ్ సాహెబ్ గారికి మేమే చెప్పాల్సి వచ్చింది.

మేము అడిగేది ఇంత. ఈ రంజాన్‌కు జకాత్ నిధిలో నుంచి అర్హులైన పిల్లలకు పెన్‌డ్రైవ్‌లు, ఒక్కొక్కరికి ఒకటి. లిల్లాహ్ నిధి నుంచి యూపీఎస్, రెండు విండోస్ లైసెన్సులు, ఉన్న యంత్రాలకు మెమరీ. దాతల దగ్గర పాత కంప్యూటర్లుంటే అవి. తీర్మానం కాగితం కార్యదర్శి గారి దగ్గర ఉంది. బయట వరండాలో హార్డ్‌డిస్కు లేని ఆ యంత్రం ఒకటి తెచ్చి పెట్టాం. జొహర్ నమాజు అయ్యాక మీ చేత్తో మీరే పెన్‌డ్రైవ్ పెట్టి మొదలుపెట్టి చూడండి. ఎఫ్12 నొక్కాలి, ఒక్కసారి కాదు, బటన్ వేసిన దగ్గర్నుంచి టకటకా నొక్కుతూనే ఉండాలి.